నాలుగు వేళ్ళ మొగ్గు

నేను ఒక తక్కెడను. అయితే ఇంతవరకూ ఒక్క వీశె సరుకైనా తూచి ఎరగను. సున్నంతో పుట్టినదాన్ని కాబట్టి నా దండె కదలదు, నా గొలుసులు ఊగవు, ఎంత గాలివానొచ్చినా నా పళ్ళేలు చలించవు. అయినా ఈ జిల్లాలో నా అంత పేరున్న తక్కెడ ఇంకోటి ఉంటే చూపించండి, ఈ క్షణమే గోడ దిగిపోతాను. జిల్లా కోర్టు సింహద్వారం మీద, నేలకు ముప్ఫై అడుగుల ఎత్తున నూట పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. తలెత్తి నన్ను చూడకుండా లోపలికి వెళ్ళిన మనిషి లేడు. జడ్జీలతో సహా!

గోదావరి కాలువ ఒడ్డున ఉన్న మా నగరం పేరు మాత్రం చెప్పను. చెబితే మిగతా ఊళ్ళ కోర్టులు చిన్నబుచ్చుకుంటాయి. ఎందుకు చిన్నబుచ్చుకోవూ? మా కోర్టుకు వరండా పొడవునా ఇరవై నాలుగు కమానులు. కమానుకో సున్నపు లత, లతకో చిలక. ఏ రెండు చిలకలూ ఒక్కలా ఉండవు. పెద్ద హాలు తలుపుల పైన రంగుటద్దాలు. పొద్దున పదిన్నరకు జడ్జిగారు కూర్చునేసరికి ఎరుపూ ఆకుపచ్చా వెలుగు వచ్చి ఆయన బట్టతల మీద వాలుతుంది. ఎంత పెద్ద తీర్పు చదువుతున్నా సరే, ఆ కాసేపూ ఆయన తిరునాళ్ళలో తప్పిపోయిన పెద్దమనిషిలా కనిపిస్తాడు. మద్రాసు మిద్దె, బర్మా టేకు మెట్లు, నడుమ గుమ్మటం. మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు కూడా ఉన్నాయి. వాటిని చేసిన మేస్త్రి సింహాన్ని ఎప్పుడూ చూడలేదు. వీధికుక్కను మాత్రం రోజూ చూసేవాడు. ఆ సంగతి ఆ రెండింటి ముఖాల్లోనూ తెలిసిపోతుంది పాపం.

నాలోనూ ఒక వంకర ఉంది. దాన్ని దాచుకునే రకం కాదు నేను, ముందే చెప్పేస్తాను. మీరు ఎదురుగా నిలబడి చూస్తే నా ఎడమ పళ్ళెం కుడి పళ్ళెం కంటే నాలుగు వేళ్ళు కిందికి ఉంటుంది. కోర్టు మీద తక్కెడ, అందులోనూ సమంగా లేని తక్కెడ! ఎంతమంది నవ్వారో, ఎంతమంది పత్రికల్లో రాశారో లెక్కలేదు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ నాలుగు వేళ్ళే నా ప్రాణం.

నన్ను చేసినవాడు కాశన్న. తాపీ మేస్త్రి. గానుగలో ఎడ్లు తిరుగుతూ సున్నం రుబ్బుతుంటే, అందులో బెల్లం నీళ్ళూ కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ ఎంత పోయాలో వేలు ముంచి చెప్పేవాడు. పైపూతకు వంద కోడిగుడ్ల తెల్లసొన కలిపించాడు. మీలో ఎవరైనా ఒక్క పూటలో వంద గుడ్లు అరిగించుకున్నారా? నేను అరిగించుకున్నాను. అందుకే ఇంత గట్టిగా ఉన్నాను.

అసలు ఇక్కడ ఉండవలసింది నేనొక్కదాన్నే కాదు. కోర్టు కట్టించిన ఇంజనీరు దొర ఒక బొమ్మ కాగితం తెచ్చి ఇచ్చాడు. అందులో ఒక స్త్రీ, చేతిలో తక్కెడ, కళ్ళకు గంత. కాశన్న ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. దొర మాటలు తెలుగులో చెప్పే ఓవర్సీరుతో అన్నాడు.

"బాబూ, మేం గుళ్ళో బొమ్మ చేస్తే ఆఖర్న కళ్ళు తెరిపిత్తామండి. అంతదాకా అది బొమ్మే, ఆ తరవాతే అమ్మవారు. తెరిపించే చేత్తో గంత కట్టమంటే నావల్ల కాదండి. తక్కెడ ఒక్కటీ చేసి పెడతాను."

దొర ఏ కళనున్నాడో గానీ ఒప్పుకున్నాడు. పైగా పని బాగా కుదిరితే శిలాఫలకంలో ఆఖరి వరుసలో మేస్త్రి పేరు కూడా చెక్కిస్తానన్నాడు. కాశన్నకు అక్షరం ముక్క రాదు. ఎక్కడ సంతకం కావాలన్నా ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి నిశాని వేసే మనిషి. తన పేరు రాతిమీద ఎలా ఉంటుందో ఓవర్సీరు చేత ఇసుకలో రాయించుకుని చూసుకున్నాడు. రెండు రోజులు ఆ ఇసుక దగ్గర ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు.

నాకు నమూనా కావాలి గదా! కాశన్న తల్లి గవరమ్మ బజారులో కూరలమ్మేది. ఆమె తక్కెడే పట్టుకొచ్చి పరంజాకు వేలాడదీశాడు. ఒక పళ్ళెంలో వీశె గుండు, ఇంకో పళ్ళెంలో నాలుగు వంకాయలు. చూసింది చూసినట్టు చేశాడు. గుండుకున్న ఇనుప కడియం, వంకాయల మీది ముచ్చికలు, దండె నడుమ నిలిచే ముల్లు, అన్నీ దింపాడు. దండె మాత్రం తీగ లాగినట్టు సమంగా పెట్టాడు. ఆరోజు మధ్యాహ్నం కొడుక్కి అన్నం పట్టుకొచ్చిన గవరమ్మ తలెత్తి చూసింది. అంతే, చేతిలో గిన్నె కిందపెట్టి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఒరే కాశీ! ఇదేం తూకంరా? మొగ్గేదీ?"

"కోర్టు తక్కెడే అమ్మా. సమంగా ఉండాలంట."

"సమంగా తూత్తే అది బేరంరా, ధర్మం కాదు. తక్కెడ మన చేతిలో ఉంటాది. కొనేవోళ్ళ చేతిలో ఏటుంటాది? మనల్ని నమ్మి నిలబడతారు. అందుకే మొగ్గు ఆళ్ళకి. నా తక్కెడ పట్టుకొచ్చి, నా పరువు తీసేలా చేత్తావా?"

బజారులో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. ముల్లు నిట్టనిలువుగా నిలిచేలా తూచేవాణ్ణి పిసినారి అంటారు. సరుకున్న పళ్ళెం కాస్త కిందికి దిగేలా తూచేవాడే మంచి వర్తకుడు. కాశన్న అన్నం కూడా ముట్టకుండా పైకెక్కాడు. నా ఒళ్ళు ఇంకా పచ్చిగానే ఉంది. వంకాయలున్న పళ్ళేన్ని నాలుగు వేళ్ళు దించి, దండె వంచి, ముల్లు పక్కకు వాల్చి, మళ్ళీ నునుపు చేశాడు. కింద నుంచి గవరమ్మ "ఇంకాస్త... ఇంకాస్త... ఆ, చాలు!" అంటూనే ఉంది. ఆఖరున ఒక వంకాయ ముచ్చిక మీద తన ఎడమ బొటనవేలు గట్టిగా అదిమాడు కాశన్న. ఆ ముద్ర నాకిప్పటికీ చల్లగా తెలుస్తూనే ఉంటుంది.

వారం తర్వాత దొర వచ్చాడు. పరంజా ఎక్కి నా దండె మీద రసమట్టం పెట్టాడు. అందులోని బుడగ ఒక మూలకు పరుగెత్తింది. దొర ముఖం ఎర్రబడింది. మూడు రోజుల్లో ప్రారంభోత్సవం, మద్రాసు నుంచి పెద్దలొస్తున్నారు, న్యాయం ఇలా ఒరిగిపోయి ఉంటుందా అని ఓవర్సీరు మీద విరుచుకుపడ్డాడు. ఓవర్సీరు కాశన్నను అడిగాడు. కాశన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ చెప్పిన మాట, బజారు పద్ధతి, మొగ్గు ఎవరికో, ఎందుకో, అంతా చెప్పాడు. ఓవర్సీరు పిల్లలు గలవాడు. అదంతా దొరకు చెప్పే ధైర్యం అతనికెక్కడిది? "తప్పయిపోయిందంటున్నాడు దొరా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను విన్నాను. వినడం తప్ప ఏం చేయగలను?

దొర హుకుం ఏమిటంటే, ఎడమ పళ్ళెం పగలగొట్టి సమంగా మళ్ళీ చెయ్యాలి. లేకపోతే శిలాఫలకంలో పేరుండదు. కాశన్న సుత్తి పట్టుకుని నా దగ్గరికొచ్చి చాలాసేపు కూర్చున్నాడు. కింద తల్లి నిలబడి ఉంది.

"అమ్మా, పగలగొట్టమంటున్నారే."

"నువ్వు చేసింది తప్పయితే పగలగొట్టు. కాకపోతే దిగిరా."

కాశన్న దిగిపోయాడు. సుత్తి ఓవర్సీరు చేతిలో పెట్టి, తాపీ నడుముకు దోపుకుని వెళ్ళిపోయాడు. ఇంకో మేస్త్రిని ఎక్కమన్నారు. ఒక మేస్త్రి పూర్తి చేసిన పని ఇంకో మేస్త్రి పగలగొట్టకూడదని వాళ్ళలో కట్టుబాటు. ఒక్కడూ కదల్లేదు. మూడు రోజులు ఇట్టే గడిచాయి. నన్ను ఒక పెద్ద పూలదండతో కప్పేసి ప్రారంభోత్సవం కానిచ్చేశారు. దొర ఫైల్లో ఒక వాక్యం రాసి, పైకే చదివి ఓవర్సీరుకు వినిపించాడు: "లోపం: తక్కెడ ఎడమ పళ్ళెం మూడు అంగుళాలు దిగినది. సరిచేయవలెను." తర్వాత ఆయనకు బదిలీ అయింది. శిలాఫలకంలో కాశన్న పేరు లేదు. దొర పేరుంది, కాంట్రాక్టరు పేరుంది, రాయి దానం చేసిన జమీందారు పేరుంది. గవరమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ కూరల గంపతో ఈ దారినే పోతూ, ఒక్క క్షణం ఆగి నా మొగ్గు చూసుకుని వెళ్ళేది. ఆమె ముఖం చూస్తే నాకు కిరీటం పెట్టినట్టుండేది.

తర్వాత నా వైభవం మొదలైంది. ఎవడు మొదలుపెట్టాడో తెలియదు, దిగిన పళ్ళెం కింద నుంచి లోపలికెళ్తే తీర్పు మనవైపే మొగ్గుతుందని పుకారు పుట్టింది. సింహద్వారం బండి పట్టేంత వెడల్పు. అయినా జనం ఎడమవైపు గోడను రాసుకుంటూనే వెళ్ళేవారు. ప్లీడరు గుమాస్తాలు కక్షిదారుల చెవిలో ముందే ఊదేవారు. ఒకసారి గట్టు తగాదాలో ఉన్న అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఎడమవైపు దూరబోయి భుజాలు ఇరుక్కుని, "ముందు నేను" అంటే "ముందు నేను" అని అక్కడే కొట్లాటకు దిగారు. జవాను వచ్చి ఇద్దరినీ వెనక్కు లాగాల్సి వచ్చింది. ఆ కేసు పదహారేళ్ళు నడిచింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని ఊరికే అన్నారా! ఓడినవాడి కన్నీళ్ళు నేను చూశాను, గెలిచినవాడివి విన్నాను. మెట్లు ఎడమవైపే అరిగాయి. ఆ అరుగుదల కూడా నాకు బిరుదులాంటిదే.

ఒక్కటే బాధ. ఏటేటా వెల్ల వేసేవారు. ఎవరో పెద్దాయన వస్తున్నాడంటే ఇంకో పూత. తర్వాత పసుపు, ఒక ఏడాది గులాబీ రంగు (ఆ ఏడాది గురించి అడక్కండి), ఆపైన డబ్బాల్లో వచ్చే రంగులు. పూత మీద పూత పడి నా వంకాయలు పూడిపోయాయి. గుండూ కడియమూ పూడిపోయాయి. అటూ ఇటూ రెండు ముద్దలు మిగిలాయి. అవేమిటో మూడు తరాల ప్లీడర్లు టీ తాగుతూ వాదించారు. ఒకాయన బంగారు నాణేలన్నాడు, ఇంకొకాయన తులసిదళాల కుప్ప అన్నాడు. వంకాయలన్నవాడు ఒక్కడూ లేడు. నా వంకరకు కారణం చెప్పే సాక్షులు ఆ నాలుగే, ఆ నాలుగింటి నోరూ రంగు మూసేసింది.

ఈమధ్య గోడలు పగుళ్ళిస్తున్నాయని మరమ్మతులు మొదలయ్యాయి. ఇంజనీరు ఫణికుమార్ వచ్చాడు. చెడ్డవాడు కాదండీ. అసలు చిక్కంతా అతను మంచివాడు కావడంతోనే వచ్చింది. పెండింగు అన్నమాట అతనికి గిట్టదు. పాత ఫైళ్ళన్నీ దుమ్ము దులిపి చదివాడు. దొర రాసిన వాక్యం దొరికింది. "నూట పన్నెండేళ్ళుగా పెండింగా!" అని తల పట్టుకున్నాడు. సోమవారం కోత మిషను తెప్పించి నా ఎడమ పళ్ళెం కోయించి, కుడిదానికి సమంగా కొత్తది అతికించాలని నిర్ణయించాడు. నా కిందే నిలబడి ఫోన్లో చెప్పాడు. ఎండాకాలం నడినెత్తిన పిడుగు పడితే ఎలా ఉంటుందో నాకు ఆరోజు తెలిసింది.

శనివారం పరంజా ఎక్కింది లోవలక్ష్మి. యాభై ఏళ్ళుంటాయి. పాత గుళ్ళకు సున్నం పని చేసి చేసి చేతులు రాటుదేలిన మనిషి. పాత రంగు గీకడం ఆమె పని. ఇనుము ముట్టదు. వెదురు పుల్ల, తడిగుడ్డ, ఓపిక, అంతే. ఫణికుమార్ కింద నుంచి అరిచాడు.

"లోవలక్ష్మిగారూ, కుడిది ఒక్కటే గీకండి. దాని కొలతలు కావాలి. ఎడమది ఎలాగూ కోసేసేదే, దాని మీద టైం దండగ."

"అలాగేనండీ" అంది ఆమె. సాక్షులంతా ఎడమ పళ్ళెంలో ఉంటే, విచారణ కుడి పళ్ళేనికా!

ఆమె కుడి పళ్ళెం మొదలుపెట్టింది. డబ్బారంగుల పొర ఊడింది, గులాబీ ఊడింది, పసుపు ఊడింది, వెల్ల పొరలు ఊడాయి. మధ్యాహ్నానికి నా గుండు బయటపడింది, కడియంతో సహా. ఆమె చెయ్యి ఆగింది. ఆ కడియం మీద వేలు తిప్పింది. తనలో తను అనుకుంటున్నట్టే అంది.

"ఇది వీశె గుండు. గుండు ఇటుంటే సరుకు అటుండాలి గదా."

కిందికి వంగి అడిగింది. "బాబుగారూ, ఎడమది కూడా కాస్త గీకి చూత్తానండీ."

"వద్దమ్మా, సోమవారం మిషనొస్తోంది."

కూలీలందరూ భోజనానికి దిగారు. ఆమె దిగలేదు. క్యారేజీ పక్కన పెట్టి, నా ఎడమవైపుకు జరిగి, పుల్ల పట్టుకుంది. నూట పన్నెండేళ్ళ కిందట ఒక మేస్త్రి అన్నం మానేసి నా మొగ్గు దించాడు. మళ్ళీ ఇన్నాళ్ళకు ఒకామె అన్నం మానేసి నా ముందు కూర్చుంది. నాకు ఏడుపొచ్చిందంటే మీరు నమ్మరు. సున్నం చెమ్మగిల్లిందనుకుంటారు.

ముందు ఒక ముచ్చిక బయటపడింది. తర్వాత నున్నటి వంకాయ పొట్ట. తర్వాత ఇంకోటి. లోవలక్ష్మి పుల్ల కింద పడేసి పకపకా నవ్వింది.

"ఓరి నాయనో! వంకాయలండీ బాబూ, వంకాయలు! ఎక్కి రండి!"

ఫణికుమార్ హెల్మెట్ సర్దుకుంటూ ఎక్కి వచ్చాడు. వంకాయలు చూశాడు, గుండు చూశాడు. జేబులోంచి చిన్న రసమట్టం తీసి నా దండె మీద పెట్టాడు. బుడగ మళ్ళీ అదే మూలకు పరుగెత్తింది.

"చూశారా, వంకరే" అన్నాడు.

"ఆ బుడక్కి బజారు తెలీదండి" అంది లోవలక్ష్మి. "ఇది కూరల తక్కెడ. మొగ్గు తూకం. చేసినోడికి సమంగా చెయ్యడం రాదనుకున్నారా? పొల్లు పోకుండా చేసి, కావాలనే దించాడు. చూడండి, ముల్లు కూడా లెక్క ప్రకారం ఒరిగింది. మీ అమ్మగారు కూరలు కొనేటప్పుడు ఎప్పుడూ చూళ్ళేదాండీ?"

ఈకాలం కాటాలకు ముల్లే ఉండదు, ఎర్రంకెలు వెలుగుతాయి. ఫణికుమార్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా అమ్మ చెయ్యి పట్టుకుని సంతకెళ్ళేవాణ్ణి" అన్నాడు. "ప్రతి దుకాణం దగ్గరా అదే మాట. 'కాస్త మొగ్గు చూపించవయ్యా' అనేది. నాకు సిగ్గేసేది. ఎందుకే అలా అడుగుతావు అంటే, 'అడక్కుండా మొగ్గు చూపించేవాడు దొరికినరోజు అడగడం మానేస్తాన్రా' అనేది."

అని నా పళ్ళేన్ని, ఆ నాలుగు వేళ్ళ జాగాని అరచేత్తో తడిమాడు. నన్ను చూసి వేలెత్తి చూపిన ఇంజనీర్లున్నారు గానీ, తడిమినవాడు ఇతనే. ఫోన్ తీసి సోమవారం మిషను రానక్కర్లేదని చెప్పేశాడు. నేను ఊపిరి తీసుకున్నాను.

"ఎవరు చేశారో ఈ పని?" అన్నాడు. "ఫైల్లో మేస్త్రి పేరే లేదు."

లోవలక్ష్మి ఒక ముచ్చిక మీద తడిగుడ్డ అద్దుతోంది. ఆఖరి పొర కరిగి జారింది. అక్కడ సన్నటి గీతలు, సుడి తిరిగి, నిన్న అదిమినంత స్పష్టంగా ఉన్నాయి. ఆమె తన ఎడమ బొటనవేలు తెచ్చి దాని పక్కన పెట్టి చూసింది.

"నిశానీ వేశాడండి" అంది మెల్లిగా. "మా నాన్నా నిశానీయే."

ఫణికుమార్ కిందికి దిగి ఫైలు తెప్పించాడు. నా కిందే, అరిగిన ఆ ఎడమ మెట్టు మీదే కూర్చుని, దొర వాక్యం కింద రాశాడు. పెండింగులు తేల్చే మనిషి గదా, రాసింది పైకే చదివి లోవలక్ష్మికి వినిపించాడు: "పై విషయం పరిశీలించడమైనది. లోపం కాదు, మొగ్గు తూకం. ఇందుమూలముగా సరిచేయవలసినది లేదు. చేసినవారి పేరు: తెలియదు. నిశాని: ఉన్నది."

ఇప్పుడు నన్ను చూడ్డానికి బడిపిల్లలు వస్తున్నారు, కెమెరాలవాళ్ళు వస్తున్నారు. కోర్టు మీద వంకాయలా అని నవ్వుతున్నారు. నవ్వనివ్వండి, ఇవి కూరగాయలు కావు, నా నగలు. కక్షిదారులు ఎప్పట్లాగే ఎడమవైపే దూరుతున్నారు. లోవలక్ష్మి వేరే ఊరి గుడికి పనికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వీధి అవతల నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, తలెత్తి నా మొగ్గు చూసింది. అచ్చం గవరమ్మలాగే చూసింది.

ఫైల్లో ఒక్క ఖాళీ మిగిలిపోయింది. అతని పేరు కాశన్న, తల్లి గవరమ్మ, వృత్తి తాపీ పని. నాకు వాంగ్మూలం ఇచ్చే నోరు లేదు, మీకున్నది. రేపు ఎవరైనా నా కింద నిలబడి ఇదెవరు చేశారని అడిగితే, ఆ పేరు చెప్పండి. ఇప్పుడు సాక్షి మీరే.